మైకమ్మ ముందు పన్ను

ఇరవై రెండేళ్లుగా బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే ఆవిణ్ణి అందరూ మైకమ్మ అనేవారు. చిన్న అద్దాల గది, ముందొక మైకు, పక్కన బస్సుల పట్టీ. ఇన్నేళ్లలో ఆ మైకులో ఒక్క సొంత మాట మాట్లాడి ఎరగదు. అంత నిష్ఠ గల మనిషి.

అలాంటి మనిషికి దవడ పళ్లు రెండు పుచ్చి ఊడాయి. ఇప్పుడు ముందు పన్ను మీద మచ్చ పడింది. ముందు పన్ను పోతే మాటలో గాలి పోతుంది. మాట పోతే మైకు పోతుంది. ఆ దిగులుతో ఆవిడకు అన్నం సహించలేదు. సంగతి డ్రైవర్లందరికీ తెలిసిపోయింది.

పళ్ల డాక్టరమ్మ ముందు కూర్చోగానే మైకమ్మ వాదనకు దిగింది.

"రెండు పూటలా తోముతానమ్మా. మిఠాయి ముట్టను. టీలో పంచదార కూడా వేసుకోను. మా ఆయనకి తీపి లేనిదే భోజనం అయినట్టుండదు, ఆయన పళ్లేమో గుండ్రాళ్లు. ఇదెక్కడి న్యాయం?"

"ముందు నోరు తెరవండి."

తెరిచింది. ఎడమ బుగ్గలో తెల్లటి పిప్పరమెంటు బిళ్ల.

"ఇదేంటండీ?"

"గొంతుకి. డ్యూటీలో ఒకటి కరగ్గానే ఇంకోటి వేసుకుంటాను. అది తీపి కిందకి రాదుగా."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మీ ఆయన తీపి తిని లేచిపోతారు. మీరు రోజంతా పళ్లని పంచదారలో నానబెడుతున్నారు. ఎంత తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లన్నదీ చూడాలి. పైగా మీరు వేసుకునే బీపీ మాత్రలకి నోరెండిపోతోంది, పళ్లని కడగడానికి ఉమ్మి కూడా లేదు. మచ్చకి మందు పూస్తాను. బిళ్లలు మానేసి నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగండి. ఆర్నెల్లు చూద్దాం. పుచ్చు ఆగకపోతే పీకాలి."

మొదటి వారం ఆవిడకు నరకమే. ఖాళీ బుగ్గను నాలుకతో తడుముకుంటూ, గొంతు ఎక్కడ బొంగురుపోతుందోనని ప్రతి బస్సుకీ హడలిపోయింది. గొంతు నిక్షేపంలా ఉంది.

ఆర్నెల్లకు డాక్టరమ్మ చిన్న అద్దంతో పన్నును అటూ ఇటూ చూసింది. "మచ్చ ఇసుమంతైనా పెరగలేదు. గట్టిపడింది. నిశ్చింతగా ఉండండి."

మైకమ్మ నేరుగా డ్యూటీకి వెళ్లి మైకు మీట నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక. ఆరో నంబరు బస్సు రెండో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది." మీట మీంచి వేలు తీయలేదు. "మైకమ్మ ముందు పన్ను పీకక్కర్లేదు."

ఆరో నంబరు డ్రైవరు మూడుసార్లు హారను కొట్టి మరీ బస్సు కదిలించాడు.