వదిన చెవిలో నీటిబొట్టు

మా వదిన చెవుడు నటిస్తా ఉందని మొదట అనింది అమ్మ. నమ్మింది నేను.

డెబ్బయ్యో దశకం ఆఖర్లో మాట. అన్నకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తా, ఆదివారాలు ఇంటికి పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి ఇదే చెప్పేది.

"గొంతు చించుకోని పిలిస్తే పలకదురా. నాలో నేను గొణుక్కుంటే మాత్రం వచ్చి, ఏమంటా ఉండావత్తా అంటాది. దానికి చెవుడూ లేదు, గివుడూ లేదు."

నేనే పరీక్ష పెట్టినాను. ఒక ఆదివారం వదిన బియ్యం ఏరుకుంటా ఉంటే, వెనక ఎడమ పక్కన నిలబడి ఇత్తడి చెంబు బండ మీదికి వదిలినాను. తల తిప్పలేదు. కాసేపటికి కుడి పక్క నుంచి "వదినా, మజ్జిగ ఉండాదా?" అని మెల్లిగా అడిగితే వెంటనే లేచింది. ఇంకేం కావాల? ఏ పక్క నుంచి పిలిచినానో మాత్రం ఆలోచించలేదు.

నడిచేటప్పుడు వదిన అప్పుడప్పుడూ గోడ పట్టుకునేది. ఎడమ చెవిలో ఈల వేసినట్టు ఉంటాదనేది. అదీ నాటకమే అనుకున్నాము. మా ఆసుపత్రిలో చెవి డాక్టరుకు చూపిస్తానని నేనే అన్నతో చెప్పినాను. వైద్యానికని ఆయన సంతోషపడినాడు. నేను తీసుకుపోయింది ఆమె దొంగనాటకం బయటపెట్టేదానికి.

డాక్టరు వదిన తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, రెండు చెవులనూ వేరువేరుగా పరీక్ష చేసినాడు. తర్వాత నన్ను లోపలికి పిలిచినాడు.

"ఎడమ చెవి పూర్తిగా పోయిందప్పా. కుడిది బాగుంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

చెంబు వదిలింది ఎడమ పక్కనే అని అప్పుడు గుర్తుకొచ్చింది.

వినికిడి నరం మీద గడ్డ ఉందేమోనని ఆయన అనుమానం. ఎక్స్‌రేలో తేలలేదు. కర్ణభేరికి అవతల, ఎముక లోపల, నత్తగుల్ల లాంటి చిన్న గది ఉంటుందనీ, దాన్నిండా నీరుంటుందనీ, గడ్డ ఉంటే ఆ నీటిలో ప్రొటీను విపరీతంగా పెరుగుతుందనీ చెప్పినాడు. ఎట్లాగూ వినపడని చెవి కాబట్టి అందులోంచి ఒక్క బొట్టు తీస్తానన్నాడు. దాన్ని చూడాల్సింది మా ల్యాబులో, అంటే నేనే.

ఆ సంగతి విని అమ్మ, "చెవిలో నీళ్ళు యాడివిరా? ఏట్లో మునిగొచ్చిందా?" అనింది.

బొట్టు తీసే ముందురోజు సాయంత్రం వార్డులో వదిన నన్ను తన కుడి పక్కకు రమ్మనింది.

"ఇది మీ అమ్మ చేయిస్తా ఉండేదా నాయనా? నేను నాటకమాడతా ఉండానని తేల్చేదానికి?"

"కాదు వదినా."

"అయితే నువ్వా?"

నేను ఆమె దుప్పటి సర్దబోయినాను.

"ఆ పొద్దు నువ్వు చెంబు పడేసింది నాకు తెలుసు," అనింది. "చప్పుడు రాలేదు. కాళ్ళ కింద బండ అదిరింది. తిరిగి చూస్తే, ఇదిగో వినపడింది అంటారు కదా. అందుకే కదలకుండా కూచున్నా."

మరుసటి రోజు సన్నటి గాజు గొట్టంలో ఆ బొట్టు నా చేతికొచ్చింది. కన్నీటి చుక్క కన్నా తక్కువ. సగమే వాడినాను. మందు కలిపితే నీలం రంగు వస్తుంది. ప్రొటీను ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. నాకొచ్చింది సిరా లాంటి నీలం.

నమ్మలేదు. గొట్టం సరిగా కడగలేదేమో అనుకున్నాను. రక్తం కలిసి నీలం ముదిరిందేమోనని, గొట్టం అంచున అంటుకున్న తడిని మైక్రోస్కోపు కింద పెట్టినాను. ఎర్ర కణాలు ఎక్కడో ఒకటీ అరా తప్ప లేవు. ఫలితం రాసిన కాగితం తీసుకుపోతే డాక్టరు కూడా నమ్మలేదు.

"మీ వదిన కదా. కంగారులో కొలత తప్పినావేమో."

"మీరు తీసేటప్పుడే ఏమన్నా కలిసిందేమో సార్," అనేసినాను. అట్లా ఆయనతో ఎప్పుడూ మాట్లాడినవాణ్ణి కాదు.

ఆయన కోప్పడలేదు. ల్యాబుకొచ్చి నా పక్కనే నిలబడినాడు. మిగిలిన సగం బొట్టుతో మళ్ళీ మొదలుపెట్టినాను. పక్క గొట్టంలో ఉత్త నీళ్ళు, ఇంకోదాంట్లో వేరే రోగి వెన్నులోంచి తీసిన నీరు. నీళ్ళది రంగు మారలేదు. వెన్నునీటికి లేత నీలం వచ్చింది. వదినది మళ్ళీ సిరా అయింది. డాక్టరు నా భుజం మీద చెయ్యేసి, "మద్రాసుకు రాస్తాను," అన్నాడు.

మద్రాసులో ఆపరేషను చేసి రేగ్గాయంత గడ్డ తీసినారు. ఆ చెవికి వినికిడి తిరిగి రాలేదు. పక్కనుండే ముఖం నరం నలిగి, కొన్ని నెలలు ఎడమ కన్ను సరిగా మూతపడేది కాదు, నవ్వితే మూతి ఒక పక్కకు పోయేది. తల తిరగడం తగ్గింది. మనిషి దక్కింది.

అమ్మ మాత్రం ఒకరోజు పనిగట్టుకుని తిరుపతికొచ్చి, "ఆ నీళ్ళేవో నాకు చూపించు," అని పట్టుబట్టింది. అంతా పరీక్షలకే అయిపోయిందని చెప్పినాను.

"చూపించేదానికి లేని నీళ్ళను నమ్మి కోడలి తల కోయించినారా?" అని చాలాసేపు గొడవ పడింది. ఇంటికి పోయినాక వదిన చెవి వెనక కుట్లు చూసి, కొబ్బరినూనె తెచ్చి ఆ చుట్టూ రాసిందని అన్న చెప్పినాడు.

నేను వదిన దగ్గర తప్పు ఒప్పుకున్నాను. "పోనీలే," అనింది. పోనిచ్చిందో లేదో నాకు తెలీదు. ఈపొద్దుటికీ ఇంట్లో ఏ ఇద్దరం గొంతు తగ్గించి మాట్లాడుకుంటే, చేస్తున్న పని ఆపి, "నా గురించేనా?" అని అడుగుతుంది.