భూదేవి ఊదుగొట్టం

కోరుట్లలో బీడీలు చుట్టే భూదేవికి చేయి ఎంత చురుకో నోరూ అంతే చురుకు. భర్త నర్సింగం మస్కట్ వెళ్ళిన ఏడాదే కూతురు శ్రీజ తీరు మారింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి, పిలిస్తే పలికేది కాదు. కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్ళీ మామూలే.

"నాయిన మీద బెంగనే," అన్నారు వాడకట్టువాళ్ళు. వీడియో కాల్‌లోనూ అలాగే ఉండిపోతే, తన మీద అలిగిందనుకుని నర్సింగం అక్కడ కళ్ళు తుడుచుకున్నాడు. "పిల్లను కొట్టకే, నేను లేకనే గట్లున్నది," అన్నాడు. కొండగట్టు అంజన్న చుట్టూ తిప్పారు. మనసు డాక్టరు బెంగకే మందిచ్చాడు. ఏదీ పనిచేయలేదు. బడిలో సారు మాత్రం మొండిఘటం అన్నాడు. చివరికి భూదేవి ఆ మాటే పట్టుకుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

శ్రీజ పొయ్యి దగ్గరే ఎక్కువ ఆగిపోయేది. పొద్దున్నే బీడీల చాట ముందేసుకుని భూదేవి పొయ్యి ఊదమనేది. పిల్ల గట్టిగా ఊది ఊది, ఊదుగొట్టం పట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోయేది. ఇల్లంతా పొగ.

"ఊదుమంటె నకరాలు చేస్తున్నవా?" అంటూ అదే గొట్టం లాక్కుని వీపు మీద వేసేది. ఒకరోజు కాలిన కొసతో మోచేతి మీద వాత పెట్టింది. "నేనేం చేసిన్నమ్మా?" అని ఏడ్చింది పిల్ల. అదీ నాటకమే అనుకుంది తల్లి.

శ్రీజ బడి మెట్ల మీద ఆగిపోయి, పడి, తల పగిలితే భూదేవి జగిత్యాలలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అంతా విన్న డాక్టరమ్మ శ్రీజ ముఖం ముందు ఒక కాగితం పట్టింది.

"ఆగకుంట దీన్ని ఊదు బిడ్డా."

శ్రీజ ఊదింది. ఊదుతూ ఊదుతూ ఆగిపోయింది. రెప్పలు సన్నగా కొట్టుకున్నాయి.

"ఇది మూర్ఛనే అమ్మా. గట్టిగ ఊదితె కొందరు పిల్లలకు ఇట్లనే అస్తది. పరీక్ష చేసి మందులిద్దాం. మొండితనం కాదు, గా టైంల పిల్లకు ఏం తెల్వది."

భూదేవికి ఊదుగొట్టం గుర్తొచ్చింది. ఏ పనితో రోగం వస్తుందో ఆ పనే రోజూ చేయించి, వచ్చినందుకు రోజూ కొట్టింది. కొట్టకే అన్న మనిషికి ఇప్పుడు ఏమని చెప్పాలి? బిడ్డ మోచేతి మీది మచ్చను తాకబోయింది.

అప్పుడే శ్రీజకు తెలివి వచ్చింది. తన వైపు వస్తున్న తల్లి చేతిని చూసి వెనక్కి జరిగింది.

"ఊదుతున్ననమ్మా, కొట్టకు," అని మళ్ళీ కాగితాన్ని ఊదసాగింది.