పడుకోబెట్టిన సీసా

మా బావ దేవకుమార్ చుక్క ముట్టని మనిషి. అందుకే ఆయనకు అమెరికాలో సారాకొట్లో ఉద్యోగం దొరికింది.

ఫ్రీమాంట్‌లో ఆ లిక్కర్ షాపు మిస్టర్ క్వాన్ అనే చైనా పెద్దాయనది. అంతకుముందు పనిచేసిన ఇద్దరూ సరుకు తామే తాగేశారట. 1979లో మా బావ వెళ్ళి, నేను క్రైస్తవుణ్ణి, తాగను అని చెప్పగానే క్వాన్ తాళాలు చేతికిచ్చాడు. నరసరావుపేటలో లెక్కల మాస్టారుగా చేసిన మనిషి రోజుకు పదకొండు గంటలు కౌంటర్ వెనక నిలబడేవాడు. సాయంత్రానికి కాళ్ళు వాచిపోయేవి. చర్చి సంఘంలో ఎవరైనా అడిగితే "స్టోర్‌లో చేస్తున్నా" అనేవాడు. ఏ స్టోరో చెప్పడానికి మా అక్క ప్రేమజ్యోతి ఒప్పుకునేది కాదు. ఆయన తండ్రి సారా తాగి తాగే పోయాడు మరి.

షాపు వెనక గదిలో ఒక బీరువా ఉండేది. దాన్నిండా పాత చైనా సారా సీసాలు. అవి అమ్మకానికి కాదు. జొన్నలతో చేస్తారట. జొన్నన్నం తిని పెరిగినవాళ్ళం, జొన్నసారాకి బీరువా, తాళమూనా అని నాకు నవ్వొచ్చింది. బావ మాత్రం క్వాన్ చెప్పిందల్లా పాఠంలా నేర్చుకున్నాడు. 1972లో అమెరికా ప్రెసిడెంటు చైనా వెళితే విందులో పోసింది ఈ మావొతాయ్ అనే రకమే. మొదట్లో బయటి దేశాలకు పంపే సీసాల మీద ఎగిరే దేవకన్యల బొమ్మ ఉండేది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో దేవకన్యలు పనికిరారని పొద్దుతిరుగుడు పువ్వు వేశారు. ఆ పువ్వు సీసాల కోసం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హోటళ్ళ యజమానులు వచ్చి క్వాన్‌ని బతిమాలేవారు. సీలు కదలకూడదు, లేబుల్ చిరగకూడదు, ఊపితే లోపల నిండుగా ఉండాలి. నాకు పిచ్చిగా తోచేది. తాగకుండా ఉంచిన సారాకే విలువ అన్న సంగతి మా బావకు భలే నచ్చింది.

అన్నిటికన్నా పై అరలో ఒక మట్టిసీసా. 1957లో క్వాన్ ఊరు విడిచి హాంకాంగ్ వెళ్తుంటే వాళ్ళన్న చేతిలో పెట్టాడట. మళ్ళీ కలిసినప్పుడు తాగుదామన్నాడట. కలవలేదు. దాన్ని అమ్మమని అడిగినవాళ్ళతో క్వాన్ ఆ పైన మాట్లాడేవాడే కాదు.

1981లో మా బావ ఒక వైన్ కంపెనీ పంచిన పుస్తకం చదివాడు. కార్కు ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టాలని ఉంది అందులో. బీరువాలో మిగతావాటికి ప్లాస్టిక్ మూతలు, మట్టిసీసా ఒక్కదానికే కార్కు బిరడా. మాస్టారు కదా, అచ్చులో ఉన్నదే నిజం. దాన్ని గుడ్డ పరిచి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. తాగేవాడైతే ఎవరో ఒకరు చెప్పి ఉండేవాళ్ళు, ఈ ఘాటు సారా తగిలితే కార్కు చివికిపోతుందని, దీన్ని నిలబెట్టే ఉంచాలని. క్వాన్ మోకాళ్ళ నొప్పులతో కుర్చీ దిగేవాడు కాదు. సారాకొట్లో సారా వాసనొస్తే ఎవరికి అనుమానం?

1985 వేసవిలో క్వాన్ అన్నకు వీసా వచ్చింది. ఆయన వస్తున్న వారం బావ దులుపుదామని సీసా ఎత్తాడు. చేతికి బరువు తగల్లేదు.

అన్నదమ్ములు ఆ సీసా తెరిచే ఆదివారం, చర్చి నుంచి నేనే బావని కార్లో షాపుకి తీసుకెళ్ళాను.

"నేను పాడుచేశాను అబ్రహాం. ఎలా చెప్పేది?"

"చెప్పకు బావా. ఇరవయ్యెనిమిదేళ్ళ సీసా. ఎవాపరేట్ అయిందనుకుంటారు. ఈ జాబ్ పోతే ఇంకోటి ఎవడిస్తాడు?"

నేను శనివారం రెండు షిఫ్టులు చేసి ఉన్నాను. ఒకరికి ధైర్యం చెప్పే ఓపిక నాలో లేదు.

అన్న బక్కపలచని ముసలాయన. ఇంగ్లీషు రాదు. ఆయనే బిరడా తీశాడు. అది చేతిలో పొడి పొడి అయింది. సీసా వంచి లోపలికి చూసి, తమ్ముడితో ఏదో అన్నాడు.

"పాత సారా ఇంతేనట," అన్నాడు క్వాన్ మాతో. "ఆవిరైపోతుంది. ఎవరి తప్పూ కాదంటున్నాడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో బావ లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది మిస్టర్ క్వాన్. నేనే పడుకోబెట్టాను. నాలుగేళ్ళు అలాగే ఉంచాను."

క్వాన్ ముఖం నేను చూడలేకపోయాను. తర్వాత ఆయన అన్నకు ఆ మాట చెప్పాడు. అన్న లేచి వెళ్ళి మూడో కప్పు తెచ్చాడు. ముగ్గురికీ పోసేసరికి సీసా ఖాళీ. కప్పులు బొటనవేలంతే ఉన్నాయి.

"నేను తాగను. మీకు తెలుసు కదా," అన్నాడు బావ.

"ఇది తాగాలి, దేవ్," అన్నాడు క్వాన్. గొంతు పెంచలేదు. "ఏం పోగొట్టావో నీకు తెలియొద్దా?"

బావ కళ్ళు మూసుకుని తాగాడు.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో నేనే అడిగాను.

"ఎలా ఉంది బావా?"

"బాగుందిరా," అన్నాడు. మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "చాలా బాగుంది."