మధ్యాహ్నం ఒంటిగంట ప్లాటిపస్

2024 ఫిబ్రవరి. మేముండే ఊరు మార్కమ్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీలో చేరి అప్పటికి రెండేళ్లు. ఏ రోజు ఎక్కడికి, ఎన్నింటికి అని యాత్రికులకు రాసిచ్చే పత్రాన్ని ఇటినరరీ అంటాం. అది తయారు చేయడమే నా పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర్లేదు కాబట్టే నాకు నచ్చింది.

ఒకరోజు పక్క ఊరు రిచ్‌మండ్ హిల్ నుంచి సరోజినిగారు వచ్చారు. డెబ్బై రెండేళ్లు, రిటైరైన జువాలజీ లెక్చరర్. మా తెలుగు సీనియర్ల ఆస్ట్రేలియా గ్రూపులో చేరడానికి ఆమె అడిగింది ఒక్కటే.

“ముప్పై ఏళ్లు బోర్డు మీద ప్లాటిపస్ బొమ్మ గీశానమ్మా. గుడ్లు పెడుతుంది, పిల్లలకు పాలూ ఇస్తుంది అని పాఠం చెప్పాను. ఒక్కసారి వాగులో చూడాలి. జూలో వద్దు. వచ్చే ఏడాదికి ఈ మోకాళ్లు నా మాట వింటాయో లేదో.”

ఆ వారమంతా లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని చదివాను. అది తెల్లవారుతుండగానో, పొద్దుగూకే వేళకో పైకి వస్తుంది. మనం కదలకుండా కూర్చోవాలి. ముందు నీటి మీద బుడగలు లేస్తాయి, తర్వాత కొద్ది సెకన్లు ముక్కూ వీపూ కనిపిస్తాయి, మళ్లీ మునిగిపోతుంది. ఇదంతా డైరీలో బొమ్మతో సహా రాసుకుని, క్వీన్స్‌లాండ్‌లో ఒకరోజు సాయంత్రం ఐదు నుంచి వాగు గట్టు అని ఇటినరరీలో పెట్టాను.

మర్నాడు ఫైలు తెరిస్తే మధ్యాహ్నం ఒంటిగంట అని ఉంది. మార్చింది మా మేనేజర్ ప్రసాద్‌గారు.

“సార్, ఒంటిగంటకు అది కనిపించడం కష్టం.”

“ఆరింటికి ఇండియన్ డిన్నర్ కదమ్మా. మనోళ్లు ఏ జంతువు కనపడకపోయినా సర్దుకుంటారు. పప్పుచారు లేటైతే ఊరుకోరు.”

“ఆవిడ వెళ్లేదే దానికోసం సార్.”

“వాగు చూపిస్తున్నాంగా. అందులో అది లేకపోతే మన తప్పా?”

ఆయన పెట్టిన వేళ అలాగే ఉంచి నా సీటుకు వచ్చేశాను. ఆ కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. సగం ఆయన మీద, సగం నా మీద. రాదని తెలిసిన వేళ రాసివ్వడం పొరపాటు కాదు, మోసం. ఆ కాగితం కింద తయారు చేసినవారు అన్నచోట ఉన్నది నా పేరు.

రెండు రోజులాగి ఆమెకు ఫోన్ చేశాను. వేళ మార్చారని, ఒంటిగంటకు అది కనిపించదని ముందే రాసిపెట్టుకున్న నాలుగు వాక్యాలు చూసి చదివేశాను.

“మీ మేనేజర్‌కి జువాలజీ చెప్పిందెవరో కనుక్కోమ్మా,” అన్నారామె. “నా డిన్నర్ కాన్సిల్ చెయ్యి.”

దానికి ఆవిడ సంతకం కావాలన్నారు ప్రసాద్‌గారు. ఆమె స్వయంగా వచ్చి, ఫారంలో కారణం అన్నచోట ‘భోజనం రోజూ దొరుకుతుంది’ అని రాసి సంతకం పెట్టారు. వాగుకు వెళ్లే రోజు సాయంత్రానికి ఆమెకు గైడునూ కారునూ విడిగా బుక్ చేశాను.

జూన్‌లో ఆస్ట్రేలియా నుంచే ఆమె ఫోన్ వచ్చింది. “మధ్యాహ్నం ఇరవై మందిమి వెళ్లి నీళ్లు చూసొచ్చాం. సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్లా. కాళ్లు తిమ్మిరెక్కాక బుడగలు లేచాయి అమ్మాయ్. ఎంత చిన్నదో తెలుసా. ఇన్నేళ్లూ పిల్లలకి కుక్కంత గీసి చూపించా.”

గైడు తీసిన ఫోటో కూడా పంపారు. మరుసటి ఏడాది బ్రోషర్ మీద ప్రసాద్‌గారు ఆ ఫోటోనే పెట్టించారు. కింద ఏముందంటే, ప్లాటిపస్ దర్శనం, మధ్యాహ్నం ఒంటిగంట.

ఈసారి రెండు రోజులు ఆగలేదు. ఆయన టేబుల్ దగ్గరికి వెళ్లి, వేళ మార్చండి, లేదా ఇటినరరీలో నా పేరు తీసేయండి అన్నాను. ఆయన నా పేరే తీసేశారు.

నాకు తెలిసింది నా ఫైల్లో ఉంటే చాలదని, వెళ్లేవాళ్ల చెవిన పడాలని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆస్ట్రేలియా అన్న ప్రతివారినీ ముందు నేనే అడుగుతున్నాను: “ఒక్క సాయంత్రం భోజనం లేటైతే పర్వాలేదా అండీ?”

చాలామంది పర్వాలేదంటున్నారు. ఇంతకుముందు వాళ్లను ఎవరూ అడగలేదు.