అక్క కోసం రాసిన నోట్సు

ఆ రోజుల్లో నా చేతులకి ఎప్పుడూ ఉల్లిపాయ వాసనే. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేసేదాన్ని. లారీల్లోంచి దిగే బస్తాలు, తూకాలు, హమాలీల కేకలు, వాటి మధ్య ఒక చెక్కబల్ల, దాని వెనక బిల్లులు రాస్తూ నేను. ఇంటర్ తర్వాత నన్ను కాలేజీకి పంపే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నాకు మాత్రం టీచరు కావాలని ఉండేది. డిగ్రీ అయితే బి.ఎడ్., బి.ఎడ్. అయితే బడి. అందుకని పని మానకుండానే, ఏలూరులో ఒక స్టడీ సెంటర్లో దూరవిద్య బి.ఎ.లో చేరాను.

మా షావుకారుగారు మెత్తని మనిషి. "డిగ్రీ చదివి మళ్ళీ ఈ ఉల్లిపాయలేగా అమ్మా ఎంచేది?" అని ఏడిపించేవారు గానీ, క్లాసులున్న ఆదివారాలు ఎంత లోడు వచ్చినా నన్ను ఆపలేదు. పొద్దున్నే పాసింజరు ఎక్కేదాన్ని. చోటు దొరికితే పాఠం చదువుకోవడం, దొరక్కపోతే తలుపు దగ్గర నిలబడి పూళ్ళ, భీమడోలు దాటేదాకా పొలాలు చూడటం. ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగి నడిచి వెళ్ళేసరికి క్లాసులో పదిమంది కూడా ఉండేవారు కాదు. లెక్చరర్లకీ అది ఆదివారమే కదా పాపం, పాఠం ఆవులింతతోనే మొదలయ్యేది.

అక్క పరిచయమైంది చేరిన రోజే. సొంత అక్క కాదు. ఫీజు కట్టే వరసలో నా వెనక నిలబడిన మనిషి, అంతే. కొల్లేటి లంకలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. నాకంటే పదేళ్ళకి పైగా పెద్ద. ఆ వరసలో ముందూ వెనకా నిలబడ్డందుకు మా హాల్‌టికెట్ నంబర్లు కూడా ముందూ వెనకా పడ్డాయి. మధ్యాహ్నానికల్లా ఇద్దరం ఒకే క్యారియర్లో తింటున్నాం. ఆవిడ కొరమీను పులుసు తెచ్చింది. నాకు ముళ్ళు తీసుకోవడం చేతకాదని చూసి, తనే ముక్క విప్పి, ముళ్ళన్నీ తీసి, నా వైపుకి జరిపింది. ఆ తర్వాత చేప తెచ్చిన ప్రతిసారీ అలాగే చేసేది. మా అమ్మ కూడా నాకు ఏనాడూ అలా తీసిపెట్టలేదు. నేను పడిపోయింది అక్కడే.

"సూపర్‌వైజర్ పోస్టుకి డిగ్రీ ఉండాలంట చెల్లీ. నాకేమో వయసు దాటిపోతోంది. ఈసారి తప్పితే ఇంక ఈ జన్మకి అంగన్‌వాడీలోనే," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నాకు నా డిగ్రీ కంటే ఆవిడ డిగ్రీ మీదే బెంగ పుట్టేది.

వానాకాలం వస్తే వాళ్ళ ఊరి దారి కొల్లేట్లో కలిసిపోయేది. అక్క వారాల తరబడి క్లాసుకి వచ్చేది కాదు. దానికి మందు నేనే కనిపెట్టాను. బిల్లు పుస్తకంలో పెట్టే కార్బన్ కాగితం మా కొట్లో ఎప్పుడూ ఉండేదే. షావుకారుగారిని అడిగి తెచ్చుకుని, కాగితాల మధ్య పెట్టి, గట్టిగా నొక్కి నోట్సు రాసేదాన్ని. పైది నాకు, కింద నీలంగా పడింది అక్కకి. మూడేళ్ళూ అలాగే రాశాను. ఆవిడ మురిసిపోయేది.

"లెక్చరర్ చెప్తే బుర్రకెక్కదు గానీ, నువ్వు రాత్తే ఇట్టే అర్థమైపోద్దే. నువ్వు కనక టీచరువైతే పిల్లలు అదృష్టవంతులు," అనేది. పొగడ్తకి పొంగిపోవడం నాకు బాగా వచ్చు. ఇంకా గట్టిగా నొక్కి రాసేదాన్ని.

ఆఖరి ఏడాది పరీక్షలు ఎండాకాలంలో వచ్చాయి. అర్థశాస్త్రం పేపరు రోజున నా బెంచీ కిటికీ పక్కన, నా వెనక బెంచీ అక్కది. నాకు వచ్చిన ప్రశ్నలే పడ్డాయి. తల వంచి రాసుకుపోతున్నాను. ఇన్విజిలేటరు వరండాలోంచి గబగబా వచ్చి, "స్క్వాడ్ వచ్చిందండీ, ఎవరి దగ్గరన్నా ఏవన్నా ఉంటే పారేసుకోండి," అన్నాడు. ఆయన ధర్మం ఆయన నిర్వర్తించాడు. నా దగ్గర ఏమీ లేదు కాబట్టి నేను తల కూడా ఎత్తలేదు. కాలి దగ్గర ఏదో తగిలినట్టయింది. చూసేలోపే స్క్వాడ్ పెద్దమనిషి వచ్చి, నా బెంచీ కిందకి వంగి, మడతపెట్టిన చీటీలు తీశాడు. నీలం రంగు అక్షరాలు. కత్తెరతో శుభ్రంగా కత్తిరించిన నా నోట్సు.

ఆయన చీటీని నా ఆన్సరు షీటు పక్కన పెట్టి చూశాడు.

"ఈ చేతిరాత నీదేనా అమ్మా?"

"నాదేనండి. కానీ చీటీలు నావి కావండి."

"రాత నీదయ్యి, చీటీలు ఇంకొకళ్ళవి ఎలా అవుతాయమ్మా?"

నేను వెనక్కి తిరిగాను. అక్క రాసుకుంటోంది. ఒక్క క్షణం ఆగాను, తనే లేస్తుందని. లేవలేదు.

"కార్బన్ పెట్టి ఈవిడకి రాసిచ్చానండి. మేమిద్దరం కలిసి చదువుకుంటామండి," అన్నాను.

ఆయన అక్కని లేపాడు. ఆవిడ పమిట సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ అమ్మాయి ఎవరో నాకు తెలీదండి," అంది.

గొంతు వణకలేదు. కంగారులో నోరు జారినట్టు కూడా లేదు. ఎవరో దారి అడిగితే ఈ వీధి నాకు తెలీదండి అన్నట్టు చెప్పింది. నా పేపరు లాక్కున్నారు. మిగిలిన పేపర్లు రాయనివ్వరని, వచ్చే ఏడాది కూడా కూర్చోనివ్వరని చెప్పారు. బయట ఎండలో నిలబడి, పరీక్ష అయ్యేదాకా ఆవిడ కోసం చూశాను. ఆవిడ వేరే గేటులోంచి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టుకి వెళ్తే అప్పటికే కబురు చేరింది. ఏడుస్తూ జరిగిందంతా షావుకారుగారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "పోనీలేమ్మా, బాధపడకు. అందరూ చేసేదేగా. నీకు ఖర్మ కాలి దొరికావు," అన్నారు. మూడేళ్ళు నా రాత చూసిన మనిషి! తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. అంత జాలిగా నన్ను దొంగని చేస్తే ఏం చెప్పను? ఆయన నన్ను నమ్మలేదన్న సంగతి ఆయనకే తెలియదు.

రెండు రోజులు ఒంటికి కారం రాసుకున్నట్టు తిరిగాను. ఇక ఉండబట్టలేక ఏలూరు వెళ్ళి, షేర్ ఆటో పట్టుకుని అక్క ఊరికి బయల్దేరాను. దారిపొడుగునా అడగాల్సిన మాటలు కూర్చుకున్నాను. కొల్లేరు ఎండి నెర్రెలిచ్చి ఉంది. చేపల చెరువుల గట్ల మీద దుమ్ము లేపుకుంటూ లారీలు ఎదురొస్తున్నాయి. నన్ను చూడగానే ముఖం చాటేస్తుందనుకున్నాను. లేకపోతే కాళ్ళ మీద పడుతుంది. ఈ రెండింటికే నేను సిద్ధపడి వెళ్ళాను.

అంగన్‌వాడీ గదిలో పిల్లలకి అన్నం పెడుతోంది. నన్ను చూసి, "వచ్చావా! ఈ ఎండలో ఎలా వచ్చావే? ముందు కూచో, మంచినీళ్ళు తాగు," అంది. నా చేతిలో గ్లాసు పెట్టింది.

"ఎందుకలా చేశావక్కా?" కూర్చుకున్న మాటలన్నీ పోయి అదొక్కటే మిగిలింది.

ఆవిడ పిల్లల కంచాల్లో పప్పు వడ్డించడం పూర్తిచేసి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏం చెయ్యమంటావ్ చెల్లీ? నావే అని ఒప్పుకుంటే నన్నూ బయటికి తోలేద్దురు. రాసిచ్చావని నిన్ను మాత్రం వదిలేద్దురా? ఇద్దరం పోయేవాళ్ళం. నీకేం, చిన్నదానివి, చదువొచ్చినదానివి. ఎప్పుడు రాసినా పాసవుతావు. నాకు ఇదే ఆఖరు. ఆ నిమిషంలోనే అంతా ఆలోచించుకున్నాను."

అంటే భయం కాదు. భయంతో అలా అందిలే అని నాకు నేను సర్దిచెప్పుకోవడానికి దారి కూడా మిగల్చలేదు. నా వయసు, నా చదువు, నా బడి, అన్నీ ఆవిడే బేరీజు వేసి, పోతే పోనీ అని తేల్చేసింది. నన్నొక మాట అడగకుండానే. ఎదురుగా పిల్లలు తింటున్నారని గ్లాసు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లీ, ఆ రోజు భయమేసి మిగతా నోట్సంతా పొయ్యిలో పెట్టేశానే. ఎల్లుండి ఆఖరి పేపరు. నీకెలాగూ ఇప్పుడు అక్కర్లేదుగా, నీ దగ్గరున్నది ఇస్తావా? రాసేసి మళ్ళీ భద్రంగా నీది నీకిచ్చేస్తాను."

సిగ్గుపడుతూ అడిగినా బాగుండేది. మూడేళ్ళుగా ఎలా అడిగిందో అలాగే అడిగింది, అంత చనువుగా, అంత ప్రేమగా.

"ఇవ్వను!" అని అరిచాను. గ్లాసు కింద పడింది. పిల్లలు ఉలిక్కిపడ్డారు, ఒక పసిది భోరుమంది. ఆవిడ ఆ పిల్లని చంకనేసుకుని ఊరడిస్తూ, నా వైపు చూసింది.

"ఇంతేనా నువ్వు? సొంత చెల్లెలనుకున్నానే నిన్ను," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటన కాదు, నిజంగానే ఏడ్చింది.

ఆవిడ ఆ పేపరు ఎలా రాసిందో తెలియదు గానీ పాసయింది, సూపర్‌వైజరూ అయింది. నేను గడువు తీరాక మళ్ళీ రాసి, అనుకున్నదానికంటే ఆలస్యంగానే అయినా బడికి చేరాను. పరీక్ష పోగొట్టినందుకు ఆవిడ మీద కోపం ఎప్పుడో చల్లారిపోయింది. కానీ ఆ రోజు ఆ కన్నీళ్ళు చూసి, ఒక్క క్షణం నాకు, తప్పు నేనే చేస్తున్నానేమో అనిపించింది. ఇస్తానని నోటిదాకా కూడా వచ్చింది. అందుకు మాత్రం ఆవిణ్ణి ఇవాళ్టికీ క్షమించలేదు.