యుద్ధం వద్దని మా అత్త ఢిల్లీ వెళ్లింది

మా చిన్నప్పుడు... మాదాపూర్ వైపు కొత్త ఆఫీసు మేడల కోసం గుట్టలు పేల్చేవాళ్లు. మధ్యాహ్నం ఢామ్మంటే బోరబండలో మా వంటింటి గిన్నెలు గలగలలాడేవి. పిల్లలకు అదో ఆట. ఆ ఎండాకాలం మాత్రం యాదమ్మత్త ఆ చప్పుడుకు గుండె పట్టుకుని కూర్చుండిపోయేది... కార్గిల్‌లో యుద్ధం. ఆమె ఒక్కగానొక్క కొడుకు మల్లేశ్ బావ అక్కడే ఉన్నాడు.

అత్త మా నాన్నకు అక్క, మా బడిలో ఆయా. యుద్ధం ఆపమని అడగడానికి కొందరు ఆడవాళ్లు ఢిల్లీ వెళ్తున్నారని మా శారద టీచర్ చెబితే, "నేనూ వస్త" అంది.

నాన్న మండిపడ్డాడు. "కొడుకు ఆడ కొట్లాడుతుంటే నువ్వు యుద్ధం వద్దంటవా అక్కా? బస్తీల నేను తలెత్తుకోవద్దా?"

"వాడు ఆడున్నడు గాబట్టే పోతున్న తమ్మీ. జర ఈ పిల్లను పంపు. నాకు సదువు రాదు, బోర్డులు చదివి చెప్తది."

నాన్న బయటికి వెళ్లిపోయాడు. అమ్మే నా బట్టలు సర్దింది. రైల్లో అత్త ఒళ్లో తలపెట్టుకుని పడుకున్నాను...

ఢిల్లీలో రోడ్డు పక్కన వేపచెట్ల కింద నలభై మందిమి ఉంటామేమో. అత్త చేతికి ఒక అట్ట ఇచ్చారు. "ఏం రాసిండ్రే?" అంది. "యుద్ధం ఆపండి, మాట్లాడుకోండి" అని చదివాను. అత్త దాన్ని ఇంకాస్త పైకెత్తింది.

పక్కన తెల్లజుట్టు అవ్వ ఒకామె. దేశం రెండు ముక్కలైనప్పుడు చిన్నపిల్లగా లాహోర్ నుంచి వచ్చిందట. వియత్నాం మీద బాంబులు పడుతున్నప్పుడు చంకలో బిడ్డతో ఇదే ఊళ్లో ఊరేగింపులో నడిచిందట. నిరుడు అణుబాంబు పరీక్షలప్పుడూ వచ్చిందట.

"మరి యుద్ధాలు ఆగినయా?" అని అత్త తన హైదరాబాద్ ఉర్దూలో అడిగింది.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఆగలేదు. అయినా వచ్చాం."

అంతలో ఒకాయన స్కూటర్ ఆపి అరిచాడు... శత్రువుకు అమ్ముడుపోయారా, మీ కొడుకులు అక్కడుంటే తెలిసేది అని. అత్త ఆయన దగ్గరికి నడిచింది. "మేరా బేటా వహీంచ్ హై సాబ్." నా కొడుకు అక్కడే ఉన్నాడు... అంటూ కొంగుముడి విప్పి బావ ఫోటో చూపించింది.

ఆయన ఫోటో వంక చూశాడు. స్కూటర్ స్టార్ట్ చేయడం కూడా మరిచి, నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

తిరిగొచ్చాక బస్తీలో కొందరు అత్తతో మాటలు మానేశారు. నాన్న అయితే ఆమె గడప తొక్కలేదు.

యుద్ధం ముగిశాక, దసరాకు బావ వచ్చాడు. ఒక చెవి వినబడటం లేదు. బస్తీ అంతా దండలు వేసి వెళ్లాక, "అమ్మ ఢిల్లీ పోయిందంట గదా?" అన్నాడు. నాన్న గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నువ్వే చెప్పు బుజ్జీ" అన్నాడు బావ. అంతా చెప్పాను. అవ్వ మాట దగ్గరికి వచ్చేసరికి "మల్ల చెప్పు" అంటూ మంచి చెవి నా వైపు తిప్పాడు. మళ్లీ చెప్పాను. బావ ఏడ్చేశాడు.

"నా పక్కనున్నోడు రాలే మామా... ఆనికీ అమ్మ ఉంది."

నాన్న చెప్పులు విడిచి లోపలికొచ్చి అత్త పక్కన కూర్చున్నాడు. "ఆకలైతుందక్కా... ఇంత అన్నం పెట్టు."

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, యుద్ధం కావాలని ఇంట్లో కూర్చుని కేకలేసేవాళ్లే... ఆ ఒళ్లో ఇంకొక్కసారి తలపెట్టుకోవాలనిపిస్తుంది.

ఎవరేమనుకున్నా సరే, ఒక మాట కోసం వెళ్లి నిలబడ్డ ఆడవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు కింద రాయండి... చదువుకుంటాను.