ఫిల్టరులోకి వెళ్లిన శుభలేఖ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చి నెల కూడా కాలేదు మరి! సరిగ్గా అప్పుడే, ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువు చేస్తున్న మా బాబాయి జొన్నాడ నుంచి ఓ పాత డీజిల్ జనరేటర్ని తెచ్చారు. కరెంటు పోతే చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోతాయి, అవి ఆగితే రొయ్యలు ఊపిరాడక చస్తాయి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా ఇరవై రోజులుంది. బాబాయి ఆశలన్నీ ఆ చెరువులోనే ఉన్నాయి. మనవాడు ఇంజనీరే కదా అని జనరేటర్ బాగుచేసే పనిలో నన్నూ కలిపారు. (కాదని నేనూ చెప్పలేదు.)

అసలు పని చేసింది అమలాపురం నుంచి వచ్చిన బక్క మేస్త్రిగారు. ఇంజనంతా విప్పి, కడిగి, బిగించారు. చివర్లో డీజిల్ ఫిల్టరు గిన్నెకీ మూతకీ మధ్య సందు మూసే ప్యాకింగు కావాల్సొస్తే, సంచీలోంచి ఓ పాత శుభలేఖ తీసి, గిన్నె అంచు మీద పెట్టి, చిన్న సుత్తితో చుట్టూ టకటకా కొట్టి గుండ్రంగా తెంపి, గ్రీజు రాసి వేశారు. డిప్లొమావాడి కళ్లెదుట పెళ్లికార్డుతో రిపేరా అని నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన టీ తాగడానికి వెళ్లగానే దాన్ని పీకేసి, సైకిల్ ట్యూబు కోసి చక్కగా బిగించాను. చుక్క కారలేదు. మేస్త్రిగారు తిరిగొచ్చి చూసి కోప్పడలేదు.

"రబ్బర్లన్నీ ఒకటి కాదండి బాబుగారూ. ఓ ముక్క డీజిల్లో ఏసి రేపటిదాకా ఉంచి చూడండి," అన్నారంతే. బాబాయి మాత్రం చదువుకున్నవాడి వైపే మొగ్గారు. నేను ముక్క నానేస్తే ఒట్టు!

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ అరగంట దర్జాగా తిరిగి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే, నా రబ్బరు డీజిల్ తాగి ఉబ్బి, వంకర్లు పోయి, సందుల్లోంచి డీజిల్‌తో పాటు గాలి కూడా ఇంజన్లోకి పీలుస్తోంది. అప్పటికే రొయ్యలు నీటి పైకి తేలుతున్నాయి. బాబాయి గట్టు మీద కూలబడి, నా వైపు చూడకుండానే, "అంతా పోయిందిరా," అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

ఫోను చేస్తే, అయినవిల్లిలో ఏదో పని మీదున్న మేస్త్రిగారు బండి మీద రివ్వున వచ్చారు. సంచీలో ఒక్క కార్డూ లేదు. చెరువు పక్క షెడ్డులో వంట చేస్తున్న మా పిన్ని దగ్గర మాత్రం ఒకటుంది, బాగా దళసరిది. పిన్నికి తమ్ముడి వరసయ్యే దూరపు చుట్టం కూతురి పెళ్లికార్డు.

"ఎల్లుండేనండి పెళ్లి. ముహూర్తం దాని మీదే ఉందండి," అంది పిన్ని, కార్డు గుండెలకి హత్తుకుని.

"చదివి గుర్తెట్టుకోండమ్మా. వినాయకుడి బొమ్మ వదిలేసి కోస్తానండి."

నేను గబగబా చదివాను, పిన్ని కళ్లు మూసుకుని వల్లెవేసింది, మేస్త్రిగారు సుత్తి ఆడించారు. ఇంజను అందుకుంది. కాసేపటికి రొయ్యలు కిందికి దిగాయి. (పిన్ని ముహూర్తం గుర్తుపెట్టుకుంది గానీ మండపం మరిచిపోయింది. కొత్తపేటలో ఎవరిదో పెళ్లిలో టిఫిన్లు చేశాక గానీ పెళ్లికూతురు మనమ్మాయి కాదని తెలియలేదు.)

తర్వాత నేనూ జనరేటర్ల పనిలోనే స్థిరపడ్డాను. ఇప్పుడు డీజిల్‌కి తట్టుకునే రబ్బరు షీట్లు ఎన్ని రకాలో. అయినా ముక్క నానేసి చూడనిదే వాడను. నా పెళ్లికి కొట్లో ఉన్నవాటిలోకెల్లా దళసరి కార్డు ఏరి, మొదటిది మేస్త్రిగారికే ఇచ్చాను. ఆయన తెరిచి చూడలేదు. రెండు వేళ్ల మధ్య నలిపి, "ఆయ్, ఇది పనికొస్తదండి," అన్నారు.

ఆయన పోయి మూడేళ్లయింది. మొన్న బాబాయి వాళ్ల జనరేటర్ సర్వీసుకి నేను వెళ్లి ఫిల్టరు విప్పితే, ప్యాకింగు చిరగకుండా చేతికొచ్చింది. డీజిల్లో నానిన ఆ చక్రం మీద నా పేరు సగం, మా ఆవిడ పేరు పూర్తిగా ఉన్నాయి. ఇన్నేళ్లూ చుక్క కారలేదని బాబాయి అన్నారు. గుడ్డతో తుడిచి, ఎలా ఉందో అలాగే పెట్టి బిగించాను.